వణకకూడని పెట్టె

భిలాయి స్మృతి నగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఉంటే, ఇళ్లలో స్పీకర్లు బిగించే పనిలోకి కొత్తగా దిగినవాళ్లు అప్పుడప్పుడు వచ్చి పోతుంటారు. వాళ్ల మాటలో తెలుగు పావు, హిందీ ముప్పావు. చేతిలో ఫోను, ఫోనులో స్పీకరు మోతని కొలిచి చూపే ఒక గీత. గీత తిన్నగానే ఉందని, కస్టమర్ మాత్రం బాగాలేదంటున్నాడని నా దగ్గర మొర పెట్టుకుంటారు. గీత మీద నాకేం కోపం లేదు. కాని గీతకి పెళ్లాం ఉండదు, అది షిఫ్టుకి వెళ్లదు, చిన్నప్పుడు విన్నదేదో దానికి గుర్తు రాదు. కస్టమర్‌కి ఇవన్నీ ఉంటాయి. ఈ సంగతి నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇప్పుడు రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఒక్క మనిషి గురించి. ఆయన పేరు అప్పన్న. ఉక్కు మిల్లులో ఫోర్‌మన్. అయితే ఆయన దగ్గర నేను చేసిన పని తప్పో ఒప్పో మీకు తెలియాలంటే, ముందు నాకు పని నేర్పిన చేయి గురించి చెప్పాలి.

సర్దార్జీ అరచేయి

మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఉక్కు ప్లాంటులో ఉద్యోగం దొరుకుతుందని భిలాయి వచ్చాను. దొరకలేదు. రేడియో రిపేరు కొద్దిగా తెలుసు కాబట్టి పవర్ హౌస్ బజారులో ఒక సర్దార్జీ దుకాణంలో చేరాను. ఆయన అంతకుముందు సినిమా హాళ్లలో సౌండు మిషన్లు చూసేవాడట.

అరవైల మొదట్లో ఊరింకా సగం కట్టుబడిలో ఉంది. ఎర్రమట్టి రోడ్లు, వరసగా క్వార్టర్లు, కంచెల్లో నడుమెత్తు దాటని మొక్కలు. ఎక్కడ నిలబడ్డా ప్లాంటు బ్లోయర్ల హోరు సన్నగా వినపడేది. సర్దార్జీ దాన్ని ఊరి తంబూరా అనేవాడు. పొద్దున్నే దుకాణం తలుపు తీశాక ఆయన కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి కాసేపు దాన్ని వినేవాడు. నేనూ పక్కన నిలబడి కళ్లు మూసుకునేవాణ్ని. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ముందు ఆ హోరే వస్తుంది, మనుషులు తరవాత వస్తారు.

పని ముగించుకుని వెళ్లిపోయే రష్యా ఇంజనీర్లు తమ రేడియోగ్రాములు ఇక్కడే అమ్మేసి పోయేవారు. బల్లంత మిషను, మీద రికార్డులు తిరిగే పళ్లెం, లోపల రేడియో. వాటిని కొన్న మనవాళ్లు కొన్నాళ్లు మురిసిపోయి, తరవాత ఇంకా బాగా వినపడాలని మా దగ్గరికి వచ్చేవారు. అందులోని చిన్న స్పీకరు తీసేసి, పెద్ద స్పీకరు తెచ్చి, దానికి వేరే పెట్టె కట్టివ్వడమే మా పని. ఇప్పుడు మీరు అప్‌గ్రేడ్ అంటున్నది అదే.

సర్దార్జీ ఏ పెట్టెనీ ముందు చెవితో చూసేవాడు కాదు. పాట గట్టిగా పెట్టి, పెట్టె మీద అరచేయి ఆనించేవాడు. చెక్క వణికిందా, పెట్టె పక్కన పడేసినట్టే. పెట్టె వణికిందంటే పాటలో కొంత అది తినేస్తోందని అర్థం. తిన్నది ఊరుకోక, మళ్లీ తన గొంతుతో కక్కుతుంది. స్పీకరు పాడాలి, పెట్టె నోరు మూసుకుని ఉండాలి. "పహలే డిబ్బా, ఫిర్ బాజా" అనేవాడు. ముందు పెట్టె సంగతి చూడు, వాయిద్యం సంగతి తరవాత. ఆ అరచేయి కింద నా పెట్టెలు వరసగా ఏడు తప్పాయి. ఎనిమిదోది రాయిలా ఉంది. ఆయన టీ తెప్పించాడు. అంతకన్నా పెద్ద మెప్పు ఆ మనిషి దగ్గర లేదు.

కుళ్లిన గుడ్ల వాసన

రాయిలా ఎలా ఉంటుందంటారా? రెండు గోడల పెట్టె కట్టి, గోడల మధ్య ఇసుక పోసేవాళ్లం. భిలాయిలో ఏటి ఇసుకకన్నా మేలైనది ఒకటుంది. కొలిమిలో ఇనుము దిగాక మిగిలే చిట్టెం నీళ్లలో పోస్తే పలుకులు పలుకులుగా విరుగుతుంది. రోడ్ల పక్కన గుట్టలుగా పోసి ఉండేది. గోడల మధ్య దాన్ని కూరితే చెక్క చచ్చినట్టు పడి ఉంటుంది. ఈ కిటుకు సర్దార్జీది కాదు, నాదే. అందుకే మిడిసిపడ్డాను, అందుకే దెబ్బ తిన్నాను.

వానాకాలంలో ఒక అకౌంట్స్ ఆఫీసరు గారికి పెట్టె కట్టాను. మనవైపు వారే, మడీ దడీ ఉన్న ఇల్లు. ఆయన తొందర పెడితే చిట్టెం సరిగ్గా ఎండకుండానే కూరేశాను. తడిసిన చిట్టెం కుళ్లిన కోడిగుడ్ల వాసన కొడుతుందని నాకేం తెలుసు? వారం రోజులకి వారి ముందుగది నిండా అదే కంపు. వాళ్లు పక్క క్వార్టరు వాళ్లని అనుమానించారు. అటునుంచి ఇటు మాటలు పెరిగి, రెండు ఇళ్లవాళ్లూ మాటలు మానేశారు. తీరా పెట్టె అడుగున తేమ బుడగలు చూసి నన్ను పిలిచారు. రెండు గుమ్మాల ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాను. అప్పటినుంచి మూడు ఎండలు ఎండని చిట్టెం ముట్టలేదు. మీరు ఇంకేదో కూరతారు, సరే. తొందర పెట్టే కస్టమర్ మాత్రం మారడు.

వీక్లీ ఆఫ్ నాడు

పెట్టె సంగతి అరచేయి చెబుతుంది. పాట సంగతి చెవి చెప్పాలి. ఎవరి చెవి, ఏ పూట? ఇదే మా ఊళ్లో పెద్ద చిక్కు.

జనం పొద్దుటి షిఫ్టు దిగి, సైకిలు మీద నేరుగా దుకాణానికి వచ్చేవారు. పాట పెడితే మబ్బుగా ఉందనేవారు, పైస్వరాలు పెంచమనేవారు. పెంచేవాళ్లం. తలాడిస్తూ తీసుకెళ్లేవారు. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చి, రేకు మీద మేకుతో గీస్తున్నట్టుంది, ఇంట్లో తిడుతున్నారు అనేవారు. మొదట్లో ఆడలేక మద్దెల ఓడన్న రకాలు అనుకుని నవ్వుకున్నాను. తప్పు నాదే. ఎనిమిది గంటలు మిల్లు మోతలో నిలబడి వచ్చిన చెవి ఆ సాయంత్రానికి సగం మూసుకుని ఉంటుంది. తెల్లారేసరికి తెరుచుకుంటుంది. మేము మూసుకున్న చెవులకి కొలతలు తీసి పాట కుట్టేవాళ్లం.

తరవాత సర్దార్జీ ఒక కట్టుబాటు పెట్టాడు. పెట్టె ఎవరిదైనా, వినడం వీక్లీ ఆఫ్ నాటి పొద్దున్నే, వాళ్ల ఇంట్లోనే. స్నానం చేసి, టీ తాగి కూర్చోవాలి. ఇంటావిడ కూడా వినాలి. చాలామంది నవ్వారు. ఆడవాళ్లకి పాట తెలుసుగాని స్పీకరేం తెలుసు అన్నారు. అనుభవం మీద చెబుతున్నాను, ఆ రోజుల్లో భిలాయిలో తిన్నని చెవి ఉన్నది ఆడవాళ్లకే. ప్లాంటు మోత వాళ్ల దాకా పూర్తిగా రాలేదు.

ఆ పొద్దులు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. కిటికీలోంచి నేల మీద పడిన ఎండ, తడిసిన ఎర్రమట్టి వాసన, ఎవరింట్లోనో తిరగమోత. సూది రికార్డు మీద ఆనగానే ముందు వచ్చే ఆ చిన్న చిటపట. ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. వీణ తీగ మీటినప్పుడు మీటు వినపడుతోందా, తీగ వినపడుతోందా అని చూసేవాణ్ని. రెండూ వినపడితే మంచిది. ఒక్కోసారి పని సంగతే మరిచిపోయి, ఎవరింట్లో ఉన్నానో కూడా తెలియకుండా వింటూ ఉండిపోయేవాణ్ని. ఎవరో టీ గ్లాసు చేతికిచ్చినప్పుడు మళ్లీ ఈ లోకంలోకి వచ్చేవాణ్ని.

దూరంగా ఉండిపోయిన సన్నాయి

అప్పన్న గారిది శ్రీకాకుళం వైపు. భిలాయికి ముందు ఇరవై ఏళ్లు రైల్వే బాయిలర్ షాపులో చేశారు. దబ్బపండు రంగు, తెల్లని మీసం, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల ముఖం మీదనుంచి చూపు తిప్పేవారు కాదు. అది ఫోర్‌మన్ దర్జా అనుకున్నాను. ఆయన భార్య సూరమ్మ గారు మొదటి రోజే భోజనం పెట్టి, నన్ను తమ్ముడిని చేసేసుకున్నారు. ఆమె నాకు అప్ప అయింది కాబట్టి ఆయన బావగారు అయ్యారు.

ఆయన తండ్రి సన్నాయి విద్వాంసుడు. పెళ్లిళ్లకి వెళ్తూ కొడుకుని వెంట తీసుకెళ్లేవారట. అప్పన్న గారు ఆ మాట మొదటి రోజే చెప్పారు.

"మా అయ్య ఊదతంటే నాను ఎనకమాల కూకోని ఆయన ఈపుకి జారబడిపోయేవోణ్ని. అలాగే తొంగుండిపోయేవోణ్ని. ఇన్నేళ్లయిపోనాది, మళ్లీ ఆ సన్నాయి ఇనాలని ఉంది తమ్ముడూ."

తండ్రి పోయి చాలా కాలమైంది. ఆయన వాయించింది ఎక్కడా రికార్డు కాలేదు. అదే బాణీ అని ఎవరో చెబితే, ఒక సన్నాయి ఎల్పీ రికార్డు తెప్పించుకున్నారు. రష్యా రేడియోగ్రామూ కొన్నారు. ఆ మనిషికి ఇంకే సరదా లేదు. ఈ ఒక్కటి కావాలి.

చిట్టెం కూరిన పెట్టె కట్టిచ్చాను. ఆఫ్ నాటి పొద్దున్నే విన్నాం. ఆయన చాలాసేపు విని, డోలు బాగా వినపడుతోంది, సన్నాయి మాత్రం ఊరవతల ఊదుతున్నట్టుంది అన్నారు. పైస్వరాలు పలికే చిట్టి స్పీకరు ఉంటుంది, ట్వీటర్ అంటాం. అది తెచ్చి బిగించాను. కొంచెం దగ్గరికి వచ్చింది, ఇంకా రావాలి అన్నారు. రెండోది ఆయన కుర్చీకి సూటిగా పెట్టాను. అప్పటికే నాకు చెవుల్లో గుచ్చుకుంటోంది. అప్ప తలకి గుడ్డ కట్టుకుని వంట చేస్తోంది. ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. ఆయన మాత్రం ఇంకా రావాలన్నారు. ఎవరి పిచ్చి వారికానందం, అడిగింది ఇవ్వడమే నా పని అనుకున్నాను. అది పని తెలిసినవాడు అనుకోవలసిన మాట కాదు.

ఊడిన తీగలు

నాలుగోసారి వెళ్లి రెండు ట్వీటర్లూ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాను. రికార్డు పెట్టి లేచి నిలబడ్డాను. నాకు చాలా బాగా వినపడింది. మెత్తగా, నిండుగా ఉంది. ఇన్నాళ్లకి కుదిరిందన్న సంతోషం నా ముఖం మీద కనపడే ఉంటుంది. అప్పన్న గారు నా ముఖంలోకే చూస్తున్నారు.

"ఇయాల వచ్చీసింది తమ్ముడూ," అన్నారు. "సన్నాయి వచ్చీసింది."

వంటింట్లోంచి అప్ప గొంతు. "ఏటి తమ్ముడూ, దాని గొంతు నొక్కీసినావేటి? డోలు తప్ప ఏటీ లేదు."

వంగి పెట్టె వెనక చూశాను. ట్వీటర్ల తీగలు రెండూ విడిగా వేలాడుతున్నాయి. కలపడం మరిచిపోయాను. పెద్ద స్పీకరు ఒక్కటే మోగుతోంది. కట్టింది నేనే కదా అన్న ధీమాతో నేను లేనిది విన్నాను. ఆ సంగతి అలా ఉంచండి. వచ్చేసిందని ఆయన ఎందుకన్నారు?

పెట్టెలో తల పెట్టి నేను అడిగిన మాటలకి ఆయన ఒక్కనాడూ జవాబు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. అప్ప ఎప్పుడూ ఎదురుగా వచ్చి నిలబడే ఆయనతో మాట్లాడేది. మిల్లులో అందరూ అరుచుకునేవాళ్లే, చేతులతో సైగలు చేసుకునేవాళ్లే. ఒకడికి వినపడకపోతే అక్కడ ఎవరు కనిపెడతారు? బాయిలర్ షాపులో ఆయన పని బాయిలర్ లోపల కూర్చుని రేకులు కలిపే రివెట్‌కి అడ్డు పట్టడం. బయటనుంచి ఇంకొకడు సుత్తితో కొడతాడు. ఇరవై ఏళ్లు ఆ ఇనప కడుపులో కూర్చున్న మనిషికి నేను ట్వీటర్లు బిగిస్తున్నాను.

తీగలు కలపకుండానే వెనక వరండాలోకి వెళ్లాను. అప్ప పళ్లెంలో బియ్యం ఏరుతోంది. నా ముఖం చూసి ఆమెకి అర్థమైపోయింది.

"నాకు తెల్దేటి తమ్ముడూ? పెట్టెదే తప్పని ఆయన అనుకున్నన్నాళ్లూ, ఎప్పుడో ఒకనాడు సన్నాయి వత్తాదని ఆశుంటాది. పెట్టె బాగుందని నువ్వు సెప్పీసినావంటే ఇంకేటి మిగుల్తాది ఆయనకి?"

నిజం చెబితే ఆయన తండ్రిని రెండోసారి తీసుకుపోయినట్టు అవుతుంది. చెప్పకపోతే లేని తప్పుకి మందు అమ్ముతూ ఉండాలి.

రష్యా పెట్టెల చెక్క

సర్దార్జీకి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. అబద్ధం మాత్రం అమ్మకు, మిగతాది నీ ఇష్టం అన్నాడు. ఆ మాట పట్టుకుని వారమంతా తిరిగాను. సన్నాయి ఆయన చెవిలోకి రాదు. మరి ఆయనకి అసలు గుర్తున్నదేమిటి? ఆ మాట ఆయన మొదటి రోజే చెప్పారు. నేనే పెట్టె గురించి ఆలోచిస్తూ వినలేదు. తండ్రి ఊదుతుంటే ఆయన వెనక కూర్చున్నారు. వీపుకి జారబడ్డారు. సన్నాయి ముందున్న పెళ్లివారికి చెవుల్లోకి వెళ్లింది. ఆయనకి తండ్రి వీపులోంచి తన వీపులోకి వచ్చింది.

ప్లాంటుకి మిషన్లు వచ్చిన రష్యా పెట్టెల చెక్క అప్పట్లో ఊరంతా దొరికేది. తేలికైన పైను చెక్క. మంచాలకీ గూళ్లకీ తప్ప స్పీకర్లకి పనికిరాదు, ఊరికే వణుకుతుంది. ఆ చెక్కనే ఏరి తెచ్చి, చిత్రిక పట్టి ఇంకా పలచన చేశాను. ఒకే గోడ. ఇసుక లేదు, చిట్టెం లేదు. వీపు ఆనుకునేంత ఎత్తు, కొంచెం వాలు. నేర్చుకున్నదంతా తిరగేసి కట్టాను.

సర్దార్జీ పాట పెట్టి, అలవాటు ప్రకారం అరచేయి ఆనించాడు. పెట్టె వరదలో పడవలా ఊగింది. చేయి తియ్యకుండా నా వైపు చూశాడు. ఎవరి కోసం కట్టానో చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి, గోనెగుడ్డలో చుట్టి దాచుకున్న స్పీకరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తను పనిచేసిన మొదటి సినిమా హాలు మూసేసినప్పుడు తెచ్చుకున్నది. దాన్ని ఎవరికీ ఇవ్వడని నాకు తెలుసు. పెట్టెలో ఇదే బిగించమని చెప్పి, వేరే పనిలో పడిపోయాడు.

తరవాతి ఆఫ్ నాటి పొద్దున్నే ఆ పెట్టె రిక్షాలో వేసుకుని వెళ్లాను. ముందు ట్వీటర్లలో ఒకటి తీసేసి, రెండోదాన్ని అప్ప చెవికి సరిపడేలా తగ్గించాను. ఆమె తల గుడ్డ విప్పేసింది. తరవాత అప్పన్న గారి ఎదురుగా కూర్చున్నాను. నా పెదాలు ఆయనకి కనపడేలా నెమ్మదిగా చెప్పాను.

"బావగారూ, పెట్టెలో తప్పు లేదు. ఎన్నడూ లేదు."

ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన నా నోటినే చూశారు.

"తెల్సు," అన్నారు. "నువ్వు రావడం మానీసినావంటే, సన్నాయి ఏదని అడగడానికి ఇంక మడిసి లేడు కదా అని సెప్పనేదు."

నాకు దుఃఖం వచ్చింది. దాచుకోలేదు. లేచి, కుర్చీ పక్కకి జరిపి, నేల మీద చాప వేసి, చాప వెనక పైను పెట్టె పెట్టి, రేడియోగ్రాముకి తీగ కలిపాను. కూర్చోమని సైగ చేశాను. అర్థం కాక కూర్చున్నారు. భుజాలు పట్టుకుని పెట్టెకి జారబడేశాను. అప్ప సూది పెట్టింది.

ముందు డోలు వచ్చింది. సన్నాయి ఎత్తుకోగానే ఆయన వీపు ఒక్కసారి బిగుసుకుంది. వెనక్కి తిరిగి చూడబోయి, ఆగిపోయారు. రెండు చేతులూ నేలకి ఆనించి, ఎవరో తెలిసినవాళ్లు వెనక కూర్చున్నట్టు, మెల్లగా బరువంతా పెట్టె మీదకి వదిలారు. కళ్లు మూసుకున్నారు. ఆయనకి ఏం అందిందో, ఎంత అందిందో నేను చెప్పలేను. కొలిచే సాధనం నా దగ్గర లేదు, మీ ఫోన్లలోనూ లేదు. కాసేపటికి తల పక్కకి వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రపోయారు.

అప్ప వేలు పెదాల మీద పెట్టుకుని నన్ను కదలొద్దంది. వినపడని మనిషి లేచిపోతాడని ఇద్దరం ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడ్డాం. మా ఇద్దరిలో ఎవరికీ అది వింతగా తోచలేదు. రికార్డు చివరికి వచ్చింది. పెట్టె వణకడం ఆగిపోయింది. ఆయన కనురెప్పలు కదిలాయి. అప్ప గబగబా నాలుగడుగులు వేసి, సూది తీసి మళ్లీ మొదట్లో పెట్టింది.